గ్యారేజీలో పులుస్తున్న బార్లీ

గ్యారేజీ తలుపు సగం దాకా లేచి ఆగింది. వంగి లోపలికి రండి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో జులై నెల శనివారం. పొద్దున తొమ్మిదన్నా కాలేదు, అప్పుడే బయట కాంక్రీటు మీద కాలు నిలవడం లేదు. లోపల రెండు కార్లు పట్టే చోటుంది. ఒక కారును ఎండకు వదిలేశారు. అది ఉండాల్సిన చోట నాలుగు కాళ్ళ మీద ఒక స్టీలు పీపా నిలబడి ఉంది. పై సగం తిన్నగా గుండ్రంగా ఉంది, కింది సగం గరాటు. గరాటు మొన దగ్గర బొటనవేలంత పిడి ఉన్న వాల్వు.

"తలుపు దించు తమ్ముడూ, ఉన్న చల్లదనం కాస్తా పోద్ది," అంటాడు అన్న.

ఎన్నేళ్ళ అమెరికా అయినా ఆయన నోట్లో "పోద్ది", "అయిద్ది" చెక్కు చెదరలేదు. ఊరు దుర్గి, మాచర్ల పక్కన. సబ్బు డబ్బాల మధ్య అరలో అరచేతి పొడవు నంది కనిపిస్తోంది చూడండి, అదీ దుర్గి నుంచి వచ్చిందే. అక్కడి శిల్పుల రాతి చెక్కడాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఉలి చప్పుడు పొద్దుటి శబ్దం. ఇంజనీరింగు చదివి ఇక్కడికొచ్చిన ఈ మనిషి ఉలి పట్టినవాడు కాదు గానీ, పీపా మూత తీసి లోపల అతుకు మీద చెయ్యి వేసినప్పుడు గమనించండి. చెక్కిన బుగ్గను శిల్పి బొటనవేలితో తడిమి చూసుకున్నట్టు, వేలిని వెల్డింగు మీద ఒక చుట్టు తిప్పుతాడు.

"ఇక్కడ గోరు తగిలిందనుకో, పని చెడ్డట్టే. ఆ గీతలో సూక్ష్మజీవి కాపరం పెట్టుద్ది."

ఈ పీపాను ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు కోనికల్ అంటారు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, అంటే ఇనుములో ఇంచుమించు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. మన వంటింటి స్టీలు గిన్నెల్లో కొన్నిటిదీ ఇదే మిశ్రమం. గాలి తగలగానే క్రోమియం తన మీద తానే కంటికి కనపడనంత పల్చని ఆక్సైడు పొర కప్పుకుంటుంది. తుప్పు పట్టనివ్వనిది ఆ పొరే. కొత్త పీపా డబ్బాలోంచి తీసిన రోజున తెల్లగుడ్డతో లోపల తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, అది ఫ్యాక్టరీలో వాడిన నూనె. దాన్ని వదలగొట్టడానికి ముందు వేడినీళ్ళలో క్షారం, ఆ తర్వాత పొర గట్టిపడటానికి సిట్రిక్ ఆమ్లం, అదే నిమ్మ ఉప్పు. బట్టల బ్లీచింగు నీళ్ళు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. క్లోరైడు ఆ పొరను తొలిచి గుంటలు పెడుతుంది. ఇనుప పీచుతో తోమినా అంతే.

ఈరోజు పని కూడా కడగడంతోనే మొదలు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో క్లాంపు విప్పుతున్నాడు. పక్కన ఉన్న గిన్నెలో సిలికాన్ రబ్బరు వాషర్లు, వాల్వు, లోపలి వంపు గొట్టం, ఉష్ణోగ్రత చూసే పుల్ల తొడుగు. అన్నీ వేడినీళ్ళ క్షారంలో నానాలి. మళ్ళీ బిగించాక ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన శుద్ధి ద్రావణం పోసి పీపాను అటూ ఇటూ ఊపాలి. తెల్లని నురగ మూత దాకా వస్తుంది. దాన్ని మళ్ళీ నీళ్ళతో కడగనక్కర్లేదు, కడిగితే నీళ్ళలోని క్రిములను తిరిగి తెచ్చి పెట్టినట్టు.

ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుంటుంది. చేతిలో కాఫీ కప్పులతో వదిన.

"చూశావా అబ్బాయ్, సింకులో రెండు గిన్నెలు తోమమంటే ఈయనకు నడుం పట్టేసుద్ది. ఇక్కడ మాత్రం రెండు గంటల నుంచి వంగే ఉన్నాడు."

అన్న తల ఎత్తడు. ఎత్తితే జవాబు చెప్పాలి.

ఇప్పుడు బయటి గుమ్మం దగ్గర గ్యాసు పొయ్యి మీద పెద్ద గిన్నె. నాలుగున్నర కిలోల దాకా నలగ్గొట్టిన మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, 67 డిగ్రీల నీళ్ళలో మునుగుతోంది. కాస్త వంగి వాసన చూడండి. ఎక్కడో తెలిసిన వాసన. హార్లిక్స్. అందులో ఉన్నదీ మొలకెత్తించిన బార్లీయే కదా! గంటసేపు ఈ వేడి అలాగే నిలబడితే గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా విడగొడతాయి. రెండు మూడు డిగ్రీలు తగ్గితే బీరు పల్చబడుతుంది, పెరిగితే నోటికి బరువుగా చిక్కగా వస్తుంది. అందుకే ఆయన కంటికీ థర్మామీటరుకూ మధ్య ఎవరూ నిలబడకూడదు.

ఆ గంటలో మాట నీళ్ళ మీదికి పోతుంది. ఇక్కడి కొళాయి నీళ్ళలో క్లోరమిన్ ఉంటుంది, దాన్ని విరగ్గొట్టడానికి మెటాబైసల్ఫైటు బిళ్ళ నలిపి వేశాడు. వేయకపోతే బీరుకు మందుల వాసన పడుతుంది. దుర్గి బోరు నీళ్ళ గొడవ వేరు. పల్నాడంతా సున్నపురాయి నేల. సిమెంటు ఫ్యాక్టరీలు దాచేపల్లి, మాచర్ల వైపు ఊరికే రాలేదు. నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పొర కట్టడం అక్కడి పిల్లలందరికీ తెలుసు. ఆ కార్బొనేటు నీళ్ళతో చెక్ దేశపు పిల్జెన్‌లో పుట్టిన లేత పసుపు బీరు చేయబోతే చేదు మొరటుగా తేలుతుంది. పిల్జెన్ నీళ్ళు అంత మెత్తనివి. అదే డబ్లిన్ నీళ్ళలో కార్బొనేటు ఎక్కువ, అక్కడ నల్లగా వేయించిన గింజల స్టౌటు కుదిరింది. వేయించిన గింజల పులుపు నీళ్ళ క్షారాన్ని సరిచేస్తుంది. "మనూరి నీళ్ళకు నల్ల బీరేరా," అంటాడు అన్న. ఆ బీరు అక్కడ ఎవరూ కాయలేదన్నది వేరే సంగతి, కాయనివ్వరు కూడా.

గింజలు వడకట్టి, తీపి నీళ్ళను మరిగిస్తున్నాడు. హాప్స్ పడ్డాయి. పచ్చని గుళికలు, ముక్కుకు ఘాటు. మరుగు మొదట్లో వేసినవి చేదునిస్తాయి, చివర్లో వేసినవి వాసననిస్తాయి. హాప్స్ చలిదేశపు తీగ. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు, పల్నాటి మిరప చేలకూ దీనికీ పొత్తు లేదు.

ఫోను మోగుతుంది. దుర్గి నుంచి అమ్మ. వదిన ఫోనందుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

"అమ్మకు చెప్పలేదు. చెప్తే సారా కాస్తన్నాడు అనుకుద్ది," గొంతు తగ్గించి అంటాడు.

ఆ భయంలో న్యాయం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఏళ్ళను చూసిన తల్లికి పొయ్యి మీద ఏదైనా కాగుతోందంటే అది సారాయే. నిజానికి ఇక్కడ జరుగుతున్నది కాచి దించడం కాదు. బట్టీ లేదు, ఆవిరి పట్టే గొట్టం లేదు. ఇంట్లో సారా దించడాన్ని అమెరికా చట్టమూ నేరంగానే చూస్తూ వచ్చింది. బీరు సంగతి వేరు. అమెరికాలో మద్యనిషేధం 1933లో పోయినా ఇంటి బీరుకు అనుమతి రాలేదు, ఇంటి వైనుకు మాత్రం వచ్చింది. 1978 అక్టోబరు 14న జిమ్మీ కార్టర్ సంతకం చేసిన బిల్లుతో ఆ తేడా పోయింది. 1979 ఫిబ్రవరి నుంచి ఒక్క వయోజనుడుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200, అంటే దాదాపు 757 లీటర్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. చివరికి మిసిసిపీ, అలబామా కూడా 2013లో దారిలోకి వచ్చాయి. ఆంధ్రాలో లైసెన్సు లేకుండా పీపా నింపితే ఎక్సైజువాళ్ళు ఇంటికొస్తారు. హైదరాబాదులో ఇలాంటి పీపాలు చూడాలంటే మైక్రోబ్రూవరీల గాజు గోడల వెనక చూడాల్సిందే.

ఇప్పుడు అసలు పరుగు. మరిగిన రసాన్ని వీలైనంత త్వరగా 20 డిగ్రీల లోపుకు దించాలి. ఈ నెలలో టెక్సాస్ కొళాయి నీళ్ళే గోరువెచ్చగా వస్తాయి కాబట్టి రాగి చుట్ట గొట్టంలో వాటిని పారించినా ముప్పై అయిదు దగ్గర థర్మామీటరు మొండికేస్తుంది. ఆ తర్వాత మంచునీళ్ళ బకెట్టు, చిన్న పంపు. మీ చేతికొక ఐసు సంచీ ఇస్తాడు, పగలగొట్టండి. పద్దెనిమిదికి వచ్చాక రసాన్ని పీపాలోకి పైనుంచి నురగ లేచేలా పోస్తాడు. ఈ ఒక్క ఘడియలోనే గాలి కావాలి, ఈస్టు పెరగడానికి ఆక్సిజన్ అవసరం. ఇరవయ్యారు లీటర్లు పట్టే పీపాలో పంతొమ్మిది లీటర్ల రసం, మిగతా చోటు నురగది. 11.5 గ్రాముల ఈస్టు పొట్లం చించి పైన చల్లుతాడు. మూత పడుతుంది, క్లాంపు బిగుస్తుంది. రసంలో చక్కెర ఎంతుందో చెప్పే హైడ్రోమీటరు లెక్క 1.050.

మరునాడు సాయంత్రం రండి. గ్యారేజీలో గ్లోబు వెలుగు కూడా వేడిగా ఉంది, గోడ మీద థర్మామీటరు నలభైకి పైన. పీపా మీద చెయ్యి వేసి చూడండి, చల్లగా చెమర్చి ఉంది. మూత నుంచి వచ్చిన గొట్టం నీళ్ళ సీసాలో మునిగి గుడగుడమంటోంది. నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెట్టబోయి వదిలేస్తారు.

రెంటచింతల పేరు మీకు తెలిసే ఉంటుంది. ఎండాకాలం వార్తల్లో ఆంధ్రాలో ఎక్కువ ఎండ ఎక్కడంటే ముందు వినపడే ఊరు. దుర్గికి పొరుగు. నలభై అయిదు దాటిన ఎండలు చూసినవాడికి వేడి విలువ వేరే ఎవరూ నేర్పక్కర్లేదు. ఈస్టు చక్కెరను తింటూ తానే వేడి పుట్టిస్తుంది, జోరు మీద ఉన్నప్పుడు చుట్టూ ఉన్న వేడికంటే మూడు నాలుగు డిగ్రీలు పైకి లాగుతుంది. ఈ జాతి ఈస్టుకు 18 నుంచి 20 హాయి. ఇరవై అయిదు దాటితే అరటిపండు వాసన, రంగుల డబ్బా ఘాటు కలిసి వస్తాయి. అందుకే పీపా లోపల ఒక స్టీలు గొట్టం చుట్టలు చుట్టి ఉంది. మూలన రొద పెడుతున్న పెట్టెలో నీళ్ళూ తినదగిన గ్లైకాలూ కలిపి సున్నాకు కిందికి చల్లబరిచి ఉన్నాయి. రసం అనుకున్న డిగ్రీ దాటగానే పంపు దానంతట అదే తిరిగి ఆ చల్లని ద్రవాన్ని చుట్టలోకి తోస్తుంది, దిగగానే ఆగుతుంది.

"మనూళ్ళో కల్లుకు ఇయ్యేవీ లేవు గదా?" అని మీరు అడుగుతారు.

"కల్లుకు గంటలే టైము. ఇది వారాలు ఉండాలా."

ఆయన చెప్పేది వినండి. తాటిచెట్టు గెల కోసిన చోటి నుంచి కుండలోకి చుక్క పడుతుండగానే పులవడం మొదలవుతుంది. నిన్నటి కుండ అంచున మిగిలిన ఈస్టే ఈరోజు రసానికి తోడు. ఈస్టుతో పాటు బాక్టీరియా కూడా వస్తాయి, పొద్దెక్కేకొద్దీ తీపి పోయి పులుపు ముదురుతుంది, మరునాటికి వెనిగరు దారి పడుతుంది. కుండ లోపల సున్నం పూస్తే రసం పులవదు. బెల్లానికి గీసేవాడు చేసేది అదే. ఎక్కడ ఆపాలో ఎక్కడ వదిలేయాలో కల్లు గీసేవాడికి చేతికొచ్చిన విద్య. పీపా పుట్టింది దీనికి ఎదురు దారిలో. పాశ్చర్ 1876లో బీరు మీద పుస్తకం వేసి, బీరు చెడేది పరాయి సూక్ష్మజీవుల వల్లేనన్నాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచాడు. అప్పటి నుంచి బీరువాళ్ళకు కావలసింది పిలిచినవాడే లోపలికి రావడం, పిలవనివాడు బయటే ఉండటం. అతుకు మీద గోరు తగలకూడదన్న అన్న పట్టుదల వెనక ఉన్నది ఇదంతా.

బుధవారం నాటికి గుడగుడ మందగించింది. ఇప్పుడు గరాటు వంతు. కింద వాల్వు దగ్గర గాజు జాడీ పట్టుకోమని మీకే ఇస్తాడు. పిడి పావు వంతు తిప్పుతాడు, అంతే. ఒకేసారి పూర్తిగా తెరిస్తే మధ్యలో బొరియ పడి బీరు బయటికి దూకుతుంది, మడ్డి పక్కల్లోనే ఉండిపోతుంది. ముందు ముదురు గోధుమరంగు మడ్డి, హాప్స్ తుక్కు, విరిగిన మాంసకృత్తులు. తర్వాత చిక్కగా, మీగడ రంగులో ఈస్టు. అది రాగానే వాల్వు మూసి ఇంకో జాడీ అందుకుంటాడు. ఈ మధ్య పొర ఈస్టును ఫ్రిజ్‌లో దాచి వచ్చే బీరుకు వాడతాడు. గరాటు గోడలు బాగా వాలుగా ఉండటం ఇందుకే, కోణం 60 డిగ్రీలు. వాలు అంతకంటే తగ్గితే ఈస్టు జారకుండా గోడకు పట్టుకుంటుంది.

ఈ ఆకారానికి స్విట్జర్లాండ్‌వాడు లియోపోల్డ్ నాథన్ 1908లో పేటెంటు తీసుకున్నాడు. పెద్ద బ్రూవరీలు మాత్రం 1960ల తర్వాతే దీన్ని మనసారా అక్కున చేర్చుకున్నాయి. అక్కడ పీపా అంటే నాలుగైదంతస్తుల ఎత్తు. అడుగున చేరిన ఈస్టు మీద అంత ద్రవం బరువూ పడుతుంది, నడుమ ఈస్టు వేడెక్కి చచ్చి లోపలి సరుకంతా బీరులోకి వదులుతుంది, మాంసం ఉడికిన వాసన. అక్కడ మడ్డిని కిందినుంచి తీసేయడం తప్పనిసరి. మరి పంతొమ్మిది లీటర్లలో? ద్రవం ఎత్తు మోకాలి దాకా. రెండు మూడు వారాలు ఈస్టు అడుగున ఉన్నా దానికి పోయేదేమీ లేదు. అందరూ డబ్బు పెట్టేది గరాటు చూసి, ఇంటి కొలతలో అంత అవసరం లేనిది కూడా గరాటే. మరీ చిన్న పీపాల్లో మొన దగ్గర మడ్డి బిగుసుకుపోయి వాల్వు మూసుకుపోవడమూ ఉంది. స్టీలు ఇచ్చే మేలు వేరే చోట ఉంది. ప్లాస్టిక్ బకెట్టుకు గీతలు పడతాయి, సన్నగా గాలి కూడా దూరుతుంది. గాజు సీసా గాలిని రానివ్వదు గానీ వెలుతురు పడితే హాప్స్ కంపు కొడతాయి, తడిచేతుల్లోంచి జారితే ఆసుపత్రే. స్టీలుకు ఈ బాధలేవీ లేవు. పైగా ఒత్తిడి తట్టుకుంటుంది.

ఆ ఒత్తిడి ఎందుకో వారాంతం తర్వాత తెలుస్తుంది. హైడ్రోమీటరు 1.010 చూపి రెండు రోజులు కదల్లేదు. లెక్క వేస్తే ఆల్కహాలు 5.25 శాతం. చివర్లో రెండు డిగ్రీలు వేడి పెంచి, వెన్న వాసన ఇచ్చే డయాసిటైల్‌ను ఈస్టు చేతే తినిపించాడు. ఇక చల్లార్చడం, రెండు డిగ్రీలకు. ద్రవం చల్లబడుతుంటే పైనున్న వాయువు కుంచించుకుపోతుంది, బుడగల సీసాలోని నీళ్ళను, వెంట గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అప్పటిదాకా కాపాడిన బీరుకు అట్టముక్క రుచి పట్టించేది ఆ గాలే. గొట్టం పీకి, మూతకు కార్బన్ డయాక్సైడు సిలిండరు తగిలిస్తాడు. పెద్ద పీపాలైతే గాలి దారి మూసి చల్లబరిస్తే లోపలికి నలిగిపోతాయి కూడా. చల్లారిన బీరును పక్క వాల్వు నుంచి ఖాళీ కెగ్గులోకి తోస్తాడు, అదీ ముందే అదే వాయువుతో నింపినది. పీపా నుంచి కెగ్గు దాకా బీరుకు గాలి మొహం చూపించలేదు.

ఇంకో వారానికి పిలుపొస్తుంది. గ్లాసులో రాగిరంగు, పైన పల్చని తెల్ల నురగ. హాప్స్ చేదు నాలుక వెనకకు చేరి ఆగుతుంది. తీపి వెంటే ఉంది గానీ మొహం మొత్తడం లేదు. బాగుందని చెప్తారు, నిజంగానే బాగుంది. అన్న ఇంకో గుక్క తాగి తల అడ్డంగా ఊపుతాడు. "శుభ్రంగా ఉంది. ఎక్కడా పులుపు లేదు, అదొక్కటే లోటు." కల్లు మీద పెరిగిన నాలుకకు ఆ లోటు నిజమే కావచ్చు.

మీతో పాటు వచ్చిన కుర్రాడొకడు పీపా చుట్టూ తిరుగుతూ ఏ కంపెనీది కొనాలని అడుగుతున్నాడు. అన్న మొహమాటం లేకుండా చెప్తాడు: "పీపా తర్వాత. ముందు పాత ఫ్రిజ్ ఒకటి పట్టు, దానికో ఉష్ణోగ్రత కంట్రోలరు పెట్టు. లోపల ప్లాస్టిక్ బకెట్టు పెట్టినా మంచి బీరే వచ్చుద్ది. ఈ ఎండలో చల్లదనం లేకుండా కోనికల్ కొంటే బొమ్మకు డబ్బులు పెట్టినట్టే."

"మరి నువ్వెందుకు కొన్నావన్నా?"

మెరుస్తున్న గరాటును గుడ్డతో తుడుస్తున్న చెయ్యి ఆగదు. "చూడు, ఎంత బాగుందో."

ధర మాత్రం వదిన ఉండగా అడగొద్దని మెల్లగా అంటాడు. ఆమె వంటింట్లోంచి అప్పటికే వినేసింది.